ప్లగ్గు తీయకూడని పెట్టె

ఏప్రిల్ 16

పెట్టెలో కనిపించిన నంబరు ఏ రోజుది ఆ రోజు రాసిపెట్టుకోమంది రమ్య. నంబరొక్కటి చాలంది. పెన్ను పట్టుకున్నాక నంబరొక్కటే రాయడం నా వల్ల కావడం లేదు. ఐదో తరగతి దాకా ఆశ్రమ పాఠశాలలో చదివాను. అక్షరాలు పోలేదు గాని వంకర తిరిగి వస్తున్నాయి. ఎవరూ చూడని పుస్తకం, వంకరైతే ఏం.

ఈ రోజు నంబరు లేదు. పెట్టె ఇంకా గోనె కిందే ఉంది.

నిన్న విశాఖపట్నం నుంచి ప్రశాంత్ సారు వచ్చాడు. సెల్‌ఫోను అందని ఎనిమిది కొండ ఊళ్ళకి, ఆసుపత్రితో మాట్లాడుకునే సెట్లు ఇచ్చింది వాళ్ళ సంస్థే. ఆ ఎనిమిదింటినీ సరిచేసి ఊళ్ళకి పంపింది నా కూతురు సోని. సోని పోయి ఏడు నెలలు దాటింది. సారు ఎనిమిది సెట్లూ మూట కట్టించి తెచ్చి మా అరుగు మీద దింపి, ఒక కాగితం చదివాడు. ఐదు సెట్ల మాట ఆసుపత్రికి సరిగ్గా అందడం లేదట. కారణం, టెక్నీషియన్ సోని నిర్లక్ష్యం.

సెట్లూ, సోని వాడిన అంకెల పెట్టే అన్నీ వాళ్ళవే. తీసుకుపోవడానికే వచ్చాడు. ఇక ఆ ఊళ్ళకి ఏమీ ఉండదు.

పోయిన పిల్ల మీద నిర్లక్ష్యం అని రాశారు. అచ్చులో రాశారు.

"ఒక్క నెల ఆగండి సారూ. నాను సరిసేసి సూపిత్తాను" అన్నాను.

"మీరా అమ్మా?" అన్నాడు. నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది, తిట్టి ఉండేదాన్ని.

అదృష్టం కొద్దీ రమ్య పక్కనే ఉంది. హుకుంపేటలో ఎలక్ట్రికల్ షాపు లక్ష్మణరావు గారి కోడలు. పాలిటెక్నిక్ చదివింది. వాళ్ళ షాపులోనే ఒక బల్ల వేసుకుని సోని ఫోన్లు బాగుచేసేది. "నేనుంటాను సార్, ఇంగ్లీషు నేను చదివిపెడతాను, చెయ్యి పిన్నిది" అంది. మే 22న పరీక్ష పెడతానన్నాడు. ఆ రోజు ఎనిమిది ఊళ్ళూ ఆసుపత్రితో మాట్లాడాలి. ఒక్క ఊరు వినబడకపోయినా అన్నీ మూట కట్టేస్తాడు. ఆ కాగితం ఫైల్లో అలాగే ఉండిపోతుంది.

నా సోని చెప్పు కూడా వంకరగా విడిచేది కాదు. ఇది తేలాలి. తేల్చి తీరుతాను.


ఏప్రిల్ 17

గోనె తీశాం. దుమ్ము తుడిచాం. నా కంటే రెండేళ్ళు పెద్ద పెట్టె ఇది, వెనక రేకు మీద తయారైన సంవత్సరం చూసి రమ్య లెక్క కట్టింది. సంస్థ డబ్బుతో, ఓడల పాత సామాను అమ్మేచోట సోని ఏరి తెచ్చింది. ముందు వైపు ఎనిమిది గాజు గొట్టాలు. ఒక్కో గొట్టంలో సున్నా నుంచి తొమ్మిది దాకా తీగతో వంచిన అంకెలు, ఒకదాని వెనక ఒకటి. ఏది కావాలో అదొక్కటే నారింజ రంగులో వెలుగుతుంది. ఒక గొట్టంలో 3 వెలగదు. దాని కింద సోని ప్లాస్టరు ముక్క అంటించి రాసింది: ఖాళీగా ఉంటే 3.

ఆ పిల్ల రాత చూసి రమ్య ముఖం తిప్పుకుంది. నేను చూస్తూనే ఉన్నాను.

దీనికో పుస్తకం ఉంది. జిరాక్సు కాగితాలు, ఇంగ్లీషు, గడప రాయంత లావు. పక్కన ఖాళీ ఉన్నచోటల్లా సోని పెన్సిలుతో తెలుగులో రాసుకుంది. రమ్య వేలు పెట్టి చదువుతూ చెప్పింది.

"పిన్నీ, దీని లోపల సన్న రాయి ముక్క ఉంటాది. అదే దీనికి గడియారం. ఆ రాయి వెచ్చగా ఉంటేనే లెక్క సరిగ్గా సెప్తాది. అందుకని సుట్టూ సిన్న పొయ్యి పెట్టినారు."

"పొయ్యేటి, కరెంటు పెట్టెలో?"

"కరెంటు పొయ్యే. ముందున్న స్విచ్చి ఆపీసినా ఆ పొయ్యి ఆరదు. గోడకి ప్లగ్గు ఉన్నంతసేపూ ఎలుగుతానే ఉంటాది. ప్లగ్గు తీసీసినామనుకో, సల్లారిపోద్ది. మళ్ళీ పెట్టినా బేగి కుదురుకోదు. పూర్తిగా ఆరింది గదా, మూడ్రోజులు ఉంచి అప్పుడు కొలవమంతంది పుస్తకం."

పొదుగుతున్న కోడిని లేపేస్తే గుడ్లు ఎలా చెడిపోతాయో అలాగన్న మాట.

మధ్యాహ్నం ప్లగ్గు పెట్టాం. మూడు రోజులు తీయకూడదు. సరే.

ఈ రోజుకి ఇంకేం రాయను.


ఏప్రిల్ 18

సోని ఉన్నప్పుడు కూడా ఆ పెట్టె ప్లగ్గులోనే ఉండేది. నేను దాని జోలికి వెళ్ళేదాన్ని కాదు. నాకేం తెలుసు దాని సంగతి.

ఊళ్ళో ఇటుకల పండగ డప్పులు. వేట పండగ కదా, మగాళ్ళంతా అడవికి పోయారు.


ఏప్రిల్ 20

మూడు రోజులు అయ్యాయి. సెట్లు కొలిచాం.

సెట్టుకి ఏరియలు కడ్డీ తీసేసి, ఒక బరువైన డబ్బా తగిలించాలి. మాట గాలిలోకి పోకుండా ఆ డబ్బా మింగేస్తుంది. దాని పక్క నుంచి సన్న తీగ పెట్టెలోకి. సెట్టు మీద మీట నొక్కితే పెట్టెలో అంకెలు పరిగెత్తి ఒకచోట ఆగుతాయి. చివరి నాలుగు చూసుకుంటే చాలు. 425.0 రావాలి. ఆసుపత్రిలో ఉన్న సెట్టుది అదే నంబరు, దాన్ని కంపెనీ వాళ్ళే పెట్టి వెళ్ళారు.

1వ సెట్టు 425.0. 2వది 424.9. 3వది 425.1.

4వది 422.6. 5వది 422.8. 6వది 422.5. 7వది 422.7. 8వది 422.6.

ఐదు తప్పు. కాగితంలో ఉన్నట్టే ఐదు. పెన్ను కింద పెట్టేశాను. రమ్య మాత్రం నంబర్లు కళ్ళార్పకుండా చూస్తోంది.

"ఇది నిర్లక్ష్యం కాదు పిన్నీ. నిర్లక్ష్యంగా సేసే సెయ్యి ఓసారి పైకి తిప్పుతాది, ఓసారి కిందకి తిప్పుతాది. ఇక్కడ సూడు, ఐదుకి ఐదూ ఒకే పక్కకి, ఒకే అంత. మా మావయ్య రాగి తీగ తూసే తక్కెడ లాగ."

నవ్వు వచ్చింది. ఏడు నెలల తర్వాత.

"అంటే ఏటి?"

"సోని సరిగ్గానే తిప్పింది. పెట్టే తప్పు సూపింది. అప్పుడు ఇది సల్లారిపోయి ఉండాల. దగ్గర ఊళ్ళకైతే మాట ఎలాగో అందీసుంటాది, దూరం ఊళ్ళకి తెగిపోయుంటాది." కాసేపు ఆగి అడిగింది. "ఆ రోజుల్లో దీని ప్లగ్గు ఎవలైనా తీసేవోలా పిన్నీ?"

"నేదు" అన్నాను.


ఏప్రిల్ 21

425.0

ఫల్గుణ అనేవాడు తోటగొందిలో 8వ సెట్టు చూసుకునే మనిషి. మాట తెగిపోతోంది, వచ్చి చూడమని సోనికి కబురు పెట్టింది అతనే. సెప్టెంబరు 9న ఆ కబురు మీదే జీపు ఎక్కింది. ఘాటు మలుపులో జీపు లోయలోకి పోయింది. ఫల్గుణ పిలవకపోతే పిల్ల వెళ్ళేదే కాదు. ఎవరో ఒకరు ఈ మాట అనాలి. నేను అంటున్నాను.


ఏప్రిల్ 24

సోని నోటుపుస్తకం దొరికింది. ఏ సెట్టు ఏ తేదీన సరిచేసిందో వరసగా ఉంది.

1వది ఆగస్టు 5. 2వది 7. 3వది 10.

4వది ఆగస్టు 16. 5వది 19. 6వది 23. 7వది 28. 8వది సెప్టెంబరు 2. ఈ ఐదింటి పక్కనా ఒకటే మాట: "నంబరు జారుతోంది. మళ్ళీ తిప్పాను."

మొదటి మూడింటి పక్కన ఏమీ లేదు.

ఆగస్టు 3న నేను పాచిపెంట వెళ్ళాను. మా చెల్లెలు బేబి కోడలికి పురుడు వచ్చిందని. పది రోజులు ఉన్నాను. 13న ఇంటికి వచ్చాను.


ఏప్రిల్ 25

చోళ్ళు ఎండబెట్టాను.


ఏప్రిల్ 26

రమ్య వచ్చింది. తలనొప్పి అని చెప్పి పంపేశాను. గుమ్మం లోంచే.


ఏప్రిల్ 29

రాస్తాను. ఎవరూ చూడరు.

మబ్బు పట్టిందంటే ఇంట్లో ప్లగ్గులన్నీ పీకేస్తాను. టీవీ, ఫోను చార్జరు, ఫ్యాను, ఏదుంటే అది. భీముడు పోయిన దగ్గర్నుంచీ అంతే. పదకొండేళ్ళ క్రితం చేలో పిడుగు పడి పోయాడు నా పెనిమిటి. ఆ తర్వాత ఏడాదే పైడయ్య బావ ఇంట్లో పిడుగు వైరు వెంట వచ్చి టీవీ పేలింది, గోడ బొగ్గైంది. మా ఊళ్ళో ఏ ఆడదాన్నైనా అడగండి, ఉరుము వినగానే చెయ్యి గోడ మీదకి పోతుంది.

పెట్టె తెచ్చిన రోజే సోని చెప్పింది. "అమ్మా, అన్నీ పీకుకో, ఇది మటుకు పీకకు. స్విచ్చి నేనే ఆపుకుంటాను." సరే అన్నాను. నోటితో అన్నాను. కరెంటు పోయినా పెట్టె ఆరకూడదని ఇన్వర్టరు కూడా పెట్టించుకుంది. తల్లే పీకేస్తే ఇన్వర్టరు ఏం చేస్తుంది.

ఆగస్టులో రోజూ మధ్యాహ్నం ఉరిమేది. పిల్ల హుకుంపేటలో ఉండేది. నేను పీకేసేదాన్ని. సాయంత్రం గెడ్డ నీళ్ళు దాటే దగ్గర దాని బండి చప్పుడు వినబడగానే మళ్ళీ పెట్టేసేదాన్ని. దొంగలాగా. పెట్టె కాలిపోకూడదని, పిల్ల ముట్టుకున్నప్పుడు ఏమీ కాకూడదని. అంతకు మించి నా మనసులో ఏమీ లేదు.

అది వచ్చి ముఖం కడుక్కుని స్విచ్చి వేసేది. అంకెలు ఎప్పటిలాగే వెలిగేవి. లోపల చల్లారిపోయిందని పైకి ఎలా తెలుస్తుంది? ఒకసారి అడిగింది కూడా. "అమ్మా, పెట్టె ఏటైనా ముట్టావేటి? సెట్టు ఊరికే జారిపోతంది."

"నానెందుకు ముడతాను" అన్నాను.

అప్పుడు అవును అని ఉంటే తిట్టి ఉండేది. రెండు రోజులు మాట్లాడేది కాదు. మూడో రోజు అన్నం పెట్టమనేది. అంతే కదా. ఐదు సెట్లూ మళ్ళీ సరిచేసి ఉండేది. 8వ సెట్టు తోటగొందికి సరైన నంబరుతో వెళ్ళేది. ఫల్గుణ కబురు పెట్టేవాడు కాదు.

నేను ఊళ్ళో లేనప్పుడు చేసినవన్నీ సరిగ్గా ఉన్నాయి. నేను ఉన్నప్పుడు చేసినవన్నీ తప్పు.

మొన్న రమ్య అడిగినప్పుడు కూడా నేదు అన్నాను.


ఏప్రిల్ 30

ఏడిస్తే 22వ తేదీ ఆగదు. ఐదు సెట్లు తిప్పాలి.


మే 2

మబ్బు పడితే నేను పీకేస్తాను, నా సంగతి నాకు తెలుసు. అందుకే పీకాల్సిన పని లేకుండా చెయ్యాలి. పిడుగు ఇంట్లోకి రాకుండా ఏం చేస్తారని మొన్న రమ్యని అడిగాను.

"మంచి ఎర్తు ఉండాల పిన్నీ. మీ ఇంటికి ఉన్న ఎర్తు తీగ కుండీలో గుచ్చి వదిలీసినాడు కాంట్రాక్టరు. పూర్తిగా ఆగుతాదని నేను సెప్పను గాని, ఇప్పుడున్న దానికి వంద రెట్లు నయం."

"గొయ్యి ఎంత లోతు?"

"నీ కంటే లోతు."

ఇద్దరు కూలీలని పంపుతానంది. వద్దన్నాను. నిన్న పొద్దున్న మొదలుపెట్టి రెండు రోజులు తవ్వాను. ఎర్ర మట్టి, కింద రాయి. నడుము పట్టేసింది. లక్ష్మణరావు గారు రాడ్డు పట్టుకొచ్చి గట్టు మీద నిలబడి చూశారు.

"ఇదేటి కనకమ్మా, నుయ్యి తవ్వుతున్నావా, నిధి తవ్వుతున్నావా?"

"మీ తక్కెడ పాతిపెట్టడానికి బాబూ."

నోరు తెరిచి, కోడలి వైపు చూసి, గట్టిగా నవ్వేశారు. రాడ్డు నిలబెట్టి, చుట్టూ బొగ్గు ఒక వరస, ఉప్పు ఒక వరస వేసి నీళ్ళు పోశాం. రోజూ ఒక బిందె పోస్తూ ఉండాలట. పోస్తాను.


మే 5

425.0 ఉండాల్సిన 1వ సెట్టు 425.4 చూపిస్తోంది. పెట్టె వెనక చెయ్యి పెడితే కాలింది. రమ్యకి కబురు పెట్టాను.

రమ్య పుస్తకం తిప్పింది. వెనక ఫ్యానుకి ఒక జల్లెడ ఉంటుంది, దాన్ని మూడు నెలలకోసారి ఉతకాలి. ఆ పేజీలో సోని రాసింది, "అమ్మ చోళ్ళు చెరిగిన రోజు తప్పక చూడాలి." తీసి చూస్తే జల్లెడ నిండా చోళ్ళ పొట్టు, దూది దుప్పటిలా. సబ్బు నీళ్ళు అని పుస్తకం. నేను కుంకుడు నీళ్ళలో జాడించి ఎండలో ఆరేశాను. అది ఆరే వరకు రమ్య ఫ్యాను రెక్కలు తుడిచింది. ప్లగ్గు తీయలేదు, స్విచ్చి మాత్రం ఆపి, వేలు పెట్టొద్దని నన్ను దూరంగా కూర్చోబెట్టింది.

సాయంత్రానికి 425.0.

చోళ్ళు ఇకమీద పైడయ్య బావ వాకిట్లో చెరుగుతాను.


మే 8

ఈ రోజు తిప్పాను. నా చేత్తో.

సెట్టు మూత తీస్తే లోపల కందిగింజంత మరమేకు ఉంటుంది, దాన్ని తిప్పితే నంబరు మారుతుంది. ఇనుప స్క్రూడ్రైవరు దగ్గరకి తెస్తే చాలు నంబరు చెదిరిపోతుంది, అందుకే సోని ప్లాస్టిక్‌ది వాడేది. దాని పిడి మీద పంటి గాట్లు. ఆలోచించేటప్పుడు కొరికేది.

4వ సెట్టుకి గంట పట్టింది. 422.6 నుంచి తిప్పితే 431కి పోయింది. మళ్ళీ తిప్పితే 419. రమ్య ముందు నుంచీ ఒకటే అంటోంది. "తిప్పకు పిన్నీ. తిప్పాలని అనుకో, అంతే తిరుగుతాది."

నిజంగానే అంతే. ఊపిరి బిగబట్టి, తిప్పాలని అనుకున్నాను. 424. 424.7. 425. 425.0. మీట వదిలి మళ్ళీ నొక్కి చూశాను. 425.0.

సాయంత్రానికి 4, 5 అయ్యాయి.


మే 9

6, 7 అయ్యాయి. 8 మిగిలింది.


మే 11

మధ్యాహ్నం ఉరిమింది. ఎండాకాలం మబ్బు, కొండ మీద నుంచి నల్లగా దిగింది. 8వ సెట్టు మూత తీసి బల్ల మీద పెట్టి ఉంది.

చెయ్యి ప్లగ్గు మీద ఉంది. ఎప్పుడు పెట్టానో తెలియదు. ఎర్తు గొయ్యి తవ్వింది నేనే, ఉప్పు పోసింది నేనే, అయినా చెయ్యి అక్కడే ఉంది. చెయ్యి తీసి పమిట చుట్టుకున్నాను. మళ్ళీ ఉరిమితే మళ్ళీ పోయింది. నేను ఇంట్లో ఉంటే పీకేస్తానని, తలుపు గొళ్ళెం పెట్టి పశువుల పాకలోకి పోయి కూర్చున్నాను. ఆవు నా వైపు చూసింది. వడగళ్ళు. రెండు పిడుగులు పడ్డాయి, ఒకటి దగ్గర్లోనే, భూమి అదిరింది. భీముడు గుర్తొచ్చాడు. సోని గుర్తొచ్చింది. వాన వెలిసే వరకు లేవలేదు.

లోపలికి వెళ్తే పెట్టె ఫ్యాను తిరుగుతోంది. 1వ సెట్టు పెట్టి నొక్కాను. 425.0.

తర్వాత 8వ సెట్టు తిప్పాను. 425.0.

ఇంత చిన్న పని. ఒక్క పూట కూర్చోవడం. ఆగస్టులో చెయ్యలేకపోయాను.


మే 14

ఏడు సెట్లు జీపుల్లో ఊళ్ళకి పంపాం. తోటగొందికి ఎవరూ పోవడం లేదు, జీపు దిగి రెండు గంటలు నడవాలి. నేనే తీసుకెళ్తానన్నాను. రమ్య నా ముఖం చూసింది. సెట్టు గోనెలో చుట్టి ఇచ్చింది.


మే 18

తోటగొంది వెళ్ళి వచ్చాను.

ఆ మలుపు దగ్గర జీపు ఆపమనలేదు. కళ్ళు మూసుకోలేదు. సెట్టు ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులా పట్టుకున్నాను. డ్రైవరు ఎవరికో ఏదో జోకు చెప్తున్నాడు.

ఫల్గుణ నన్ను చూసి ఇంట్లోకి పోబోయాడు. ఎనిమిది నెలలుగా హుకుంపేట సంతలో కూడా నాకు ఎదురు పడడం లేదు. "ఆగు బావా" అన్నాను. ఆగాడు. మనిషి సగమైపోయాడు.

"నాను పిలవకుండా ఉండాల్సింది కనకా" అన్నాడు. తల ఎత్తలేదు. "మాట తెగిపోతే తెగిపోనీ అనుకోవాల్సింది. ఆ ఆడగుంటని పిలిసి సంపీసినాను."

ఇంతకాలం నేను అతని మీద వేసిన మాటే అతను తన మీద వేసుకుని తిరుగుతున్నాడు. నాకు అది ఊరటగా ఉండేది. ఇప్పుడు రాస్తుంటే సిగ్గేస్తోంది.

"నువ్వు కాదు బావా. ఆ సెట్టు తప్పు నంబరుతో వచ్చింది. నానే, మబ్బు పట్టినప్పుడల్లా పెట్టె ప్లగ్గు పీకీసేదాన్ని. పీకొద్దని సోని సెప్పింది. అడిగితే అబద్ధం ఆడినాను."

లోపలికి పోయాడు. చోడి అంబలి తెచ్చి పెట్టాడు. నేను తాగుతుంటే అప్పుడన్నాడు.

"అలాగైతే ఇద్దరం. నువ్వు పీకినావు, నాను పిలిసినాను. పది మంది ఎక్కాల్సిన జీపులో ఇరవై రెండు మందిని కుక్కినాడు జీపోడు, ఆడి సంగతేటి మరి? ఆడు ఎక్కడైనా ఏడుత్తన్నాడా?"

అంబలి ముంత కింద పెట్టాను. అతనే మళ్ళీ అడిగాడు.

"ఇంకెవలికైనా సెప్పినావా?"

"నేదు. నీకే."

"ఆ కాగితం రాసినోడికి సెప్పాల" అన్నాడు.


మే 19

చెప్పాలి.


మే 20

చెప్పకపోయినా సెట్లు వినబడితే ఊళ్ళకి సెట్లు ఉంటాయి. కాగితంలో ఏదో ఒకటి రాసుకుంటారు. చెప్పాల్సిన అవసరం ఉందా అని పొద్దుటి నుంచీ ఆలోచిస్తున్నాను.

సోని నిర్లక్ష్యం అని ఉన్నచోట ఇంకో కారణం ఉండాలి కదా. ఆ కారణం నేను.


మే 21

425.0


మే 22

ఆసుపత్రిలో సెట్టు చుట్టూ ప్రశాంత్ సారు, రమ్య, నర్సమ్మ, నేను. సారు ముందు ఎనిమిది ఊళ్ళ పేర్లు రాసిన కాగితం. పది గంటలకి మొదలు.

ఒకటి నుంచి ఏడు దాకా ఒక్కో ఊరూ పలికింది. ఐదో ఊరిది కాస్త బొంగురుగా ఉంది, అక్కడ మాట్లాడే మనిషి గొంతే అంతట. టిక్కు, టిక్కు, టిక్కు. నేను సారు పెన్ను తప్ప ఏమీ చూడలేదు.

"తోటగొంది, తోటగొంది, ఆసుపత్రి మాట్లాడుతున్నాం. ఓవర్."

ఏమీ లేదు. గర్ర్ మనే చప్పుడు.

రెండోసారి పిలిచాడు. ఏమీ లేదు. రమ్య చెయ్యి నా చేతిని పట్టుకుంది. మూడోసారి పిలవడానికి సారు మీట మీద వేలు పెట్టాడు. అప్పుడు ఫల్గుణ గొంతు, పక్క గదిలోంచి అన్నంత స్పష్టంగా.

"...ఇందాకటి నుంచి ఇంటన్నాను గదా, ఇనబడతాందని సెప్పీదెలాగ, ఓవర్ అన్నాక మాటాడాలన్నారు, ఓవర్ అన్నారో నేదో తెలీనేదు, మా యావిడ పక్కన ఉండి ఒకటే గోల, ముందు బొత్తం నొక్కు ముసలోడా అని..."

బొత్తం వదలడు. మేము జవాబు చెప్పడానికి వీల్లేదు. రెండు నిమిషాలు తోటగొంది సంగతులన్నీ విన్నాం. పనసకాయలు, ఎవరి దూడో తప్పిపోయింది, బడి పంతులు రాలేదు. నర్సమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. చివరికి "ఓవర్రో" అన్నాడు. సారు ఎనిమిదో టిక్కు పెట్టాడు.

రమ్య నన్ను వాటేసుకుంది. నేను నిలబడే ఉన్నాను. నా పని ఇంకా అవలేదు.

సారు కొత్త కాగితం తీశాడు. పాత కాగితం రద్దు అని పైన రాశాడు. లోపానికి కారణం అన్నచోట, 'కరెంటు అంతరాయం' అని రాసి నాకు చదివి వినిపించాడు. "ఇప్పుడు మీ అమ్మాయి మీద ఏమీ లేదమ్మా" అన్నాడు. మంచివాడే.

"కరెంటు కాదు సారూ. ఇన్వర్టరు ఉండీది."

"ఏదో ఒకటి రాయాలి కదమ్మా. ఇది రాస్తే ఎవరికీ ఇబ్బంది ఉండదు."

"కొట్టీయండి. కనక ప్లగ్గు పీకీసింది, అడిగినా సెప్పనేదు, అని రాయండి."

సారు రమ్య వైపు చూశాడు. రమ్య నన్నే చూస్తోంది.

"ఆ రోజు అడిగినాను గదా పిన్నీ" అంది.

"అడిగినావు."

"నేదన్నావు."

"సోని అడిగినా అదే అన్నాను."

రమ్య లేచి కిటికీ దగ్గరకి పోయింది. తిరిగి వచ్చి బల్ల మీది పెన్ను ముందుకి జరిపింది. సారుతో అంది. "రాయండి సార్. పిన్ని సెప్పింది సెప్పినట్టు."

రాశాడు. మెల్లగా రాశాడు. కింద ఇంకో గడి ఉంది, సరిచేసినవారు. అక్కడా కనక అనే రాశాడు. ఒకే కాగితంలో నా పేరు రెండు చోట్ల. పై నుంచి కింద దాకా ఇంకోసారి చదివించుకుని విన్నాను. సోని పేరు ఎక్కడా లేదు. ఒక్క చోట కూడా లేదు. నెల రోజులు నేను అడిగింది అదే.

సంతకం పెట్టమని పెన్ను ఇచ్చాడు. పెట్టాను. సంతకం కింద ఒక గీత ఉంది. తండ్రి లేక భర్త పేరు రాయాలట.

సోని తల్లి, అని రాశాను.

అది తప్పు గడి అని సారు అనలేదు. కాగితం మడిచి ఫైల్లో పెట్టాడు.